జానయ్య మంచం కింద కోడిపిల్లలు

చలికాలం వచ్చిందంటే చైతన్యపురిలో అమ్మాజీ గారి ఇడ్లీ పిండి మొరాయించేది. రాత్రి రుబ్బి పెడితే తెల్లారేసరికి పెట్టింది పెట్టినట్టే ఉండేది తప్ప పొంగేది కాదు. భీమవరంలో పుట్టి పెరిగిన మనిషికి పులవని పిండితో ఇడ్లీ వెయ్యడమంటే మహా తలవంపులు. అందుకని ఈ ఏడు ఆవిడ సాయంత్రం కాగానే పిండి గిన్నెకి మూత పెట్టి, రెండు చేతులా పట్టుకుని, ఆయాసపడుతూ మూడంతస్తుల మెట్లెక్కి, డాబా మీద రేకుల గదిలో ఉన్న జానయ్య మంచం మీద పెట్టి దిగేది. తెల్లారి వెళ్ళేసరికి పిండి మూతని పైకి నెట్టి ఉండేది.

జానయ్య పోయి ఎనిమిది నెలలయింది. మంచంలో అతను పడుకునే చోటు మాత్రం ఇంకా చల్లారలేదు. భుజాల దగ్గర్నుంచి మోకాళ్ళ దాకా, మనిషంత పొడుగున, మనిషంత వెడల్పున నులక వెచ్చగా ఉండేది. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోలేదు. నల్లా ఏ పూట వస్తుందో తెలిసినట్టే అదీ అందరికీ తెలుసు. అమ్మాజీ గారి భర్త సాంబమూర్తి గారు మోకాలు నొప్పి చేసినప్పుడు పైకొచ్చి, అరగంట కాలు చాపుకుని పేపరు చదువుకుని వెళ్ళేవారు. పక్కనున్న లేడీస్ హాస్టల్ పిల్లలు కడుపునొప్పి వచ్చిన రోజుల్లో "ఆంటీ, పది నిమిషాలు" అని వచ్చి బోర్లా పడుకునేవాళ్ళు. వానాకాలంలో తడిసిన పుస్తకాలు ఆరబెట్టుకున్న వాళ్ళూ ఉన్నారు. బతికినన్నాళ్ళూ పళ్ళ మార్కెట్లో పరాయి బరువులు మోసిన మనిషి పోయాక కూడా నలుగురికీ పనికొస్తున్నాడని సాంబమూర్తి గారు మెచ్చుకునేవారు.

ఆ మంచం మీద చెయ్యి వెయ్యని మనిషి ఆ ఇంట్లో ఒక్కతే. ఆమె జానయ్య భార్య యాదలక్ష్మి.

దానికో కారణం ఉంది. ఏప్రిల్లో మామిడి లారీలు దిగే రోజులు. జానయ్య బాటసింగారం మార్కెట్లో హమాలీ పని ముగించుకుని పదకొండింటికి ఇల్లు చేరాడు. అన్నం తిన్నాడు, పడుకున్నాడు. యాదలక్ష్మి మంచం పక్కనే కింద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మధ్యలో రెండుసార్లు అతని కాలు ఆమె చేతికి తగిలింది. వెచ్చగా ఉంది. అలిసిపోయి పడుకున్నాడు, లేపడమెందుకని ఊరుకుంది. నాలుగింటికి చాయ్ పెట్టి లేపితే లేవలేదు. దవాఖానలో డాక్టరు చూసి, పన్నెండింటికే ప్రాణం పోయిందమ్మా అన్నాడు.

"వెచ్చగనే ఉండె గద సార్," అంది యాదలక్ష్మి.

ఆమె మనసు పెట్టి అన్న ఆఖరి మాట అదే. నాలుగు గంటలు శవం పక్కన కూర్చుని, పక్కింటి పెళ్ళి ముచ్చట్లు తలుచుకుంటూ చింతగింజలు ఏరుకున్నానన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చిట్యాల దగ్గర సొంతూళ్ళో మట్టి చేసినప్పుడు చుట్టూ ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటుంటే ఆమె చాప పుల్లలు పీకుతూ కూర్చుంది. దాని గుండె రాయి అన్నారు ఊరివాళ్ళు. రాయైతే కనీసం ఎండకి కాగుతుంది. యాదలక్ష్మికి అదీ లేకుండా పోయింది. తాను పనిచేసే హాస్టల్ వంటింట్లో పొయ్యి మీంచి అన్నం గిన్నెని మసిగుడ్డ లేకుండా దించేది. చేతికి బొబ్బ లేచాక, దాన్ని చూసి, కాలినట్టుందే అనుకునేది. చన్నీళ్ళూ వేణ్ణీళ్ళూ ఒకటే. కూరలో ఉప్పు వేసిందో లేదో పక్క మనిషిని అడిగి తెలుసుకునేది.

అత్త అండాలమ్మ సంగతి వేరు. ఆ ముసలమ్మ కొడుకు పోయినప్పుడు మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజు లేచి అన్నం తింది. అప్పట్నుంచీ రోజూ సాయంత్రం మంచం కోడు దగ్గర పీట వేసుకుని, ఆ వెచ్చటి చోట అరచెయ్యి ఆనించి, గంటసేపు ఊరికే కూర్చునేది. అత్తాకోడళ్ళు ఒకరినొకరు ఏమీ అడగలేదు. ఒకే గదిలో ఉన్నారు, ఒకే కుండలో తిన్నారు, అంతే.

దసరా వెళ్ళాక అమ్మాజీ గారు పైకొచ్చి, లోపలికి రాకుండా, ఏదో చెప్పాలని వచ్చినట్టు గుమ్మంలో నిలబడింది.

"యాదలక్ష్మీ, ఎలా చెప్పాలో తెలీట్లేదమ్మా. బిల్డింగు మొత్తం హాస్టల్ వాళ్ళకిచ్చేస్తున్నాం. మేం కూడా కింద రెండు గదుల్లో సర్దుకోవాలి. జనవరి ఒకటికల్లా పైన ఖాళీ చెయ్యాలంటున్నారు వాళ్ళు."

"సరేనమ్మా," అంది యాదలక్ష్మి.

"సరే అంటే ఎలా? ఎక్కడికి పోతారు?"

యాదలక్ష్మి ఆ సంగతి ఆలోచించలేదు. అండాలమ్మ ఆలోచించింది. నకిరేకల్‌లో కూతురి ఇంట్లో తనకి ఒక్క మంచం వేసేంత చోటుంది. కోడలికి లేదు. కోడలు హాస్టల్ వంటింట్లోనే చాప వేసుకోవాలి. అంటే జానయ్య తల్లి ఒక చోట, జానయ్య పెళ్ళాం ఒక చోట. ఆ మాట పైకి అనుకున్నప్పుడు మాత్రం ఇద్దరికీ అన్నం సహించలేదు.

దారి చూపించింది తిరుపతి. జానయ్యతో కలిసి పన్నెండేళ్ళు బరువులు మోసి, ఇప్పుడు ట్రాలీ ఆటో నడుపుకుంటున్నాడు. బాటసింగారంలో రాఘవేంద్ర అనే ఆయనకి ఫామ్ ప్లాటు ఉంది. అందులో ఒక గది, ఒక కోళ్ళ షెడ్డు ఉన్నాయి. కాపలా ఉంటూ నాటుకోళ్ళు పెంచడానికి మొగుడూపెళ్ళాలు కావాలంటున్నాడు. తిరుపతి కాళ్ళావేళ్ళా పడితే ఆయన ఒక మెట్టు దిగాడు. అరవై నాటుకోడి పిల్లల్ని, గుడ్డులోంచి బయటపడ్డ మర్నాడే అట్టపెట్టెలో పంపించాడు. ఆరు వారాలు ఇంట్లో పెంచి, ఆపైన షెడ్డులోకి మార్చాలి. బతికి బట్టకడితే గది అత్తాకోడళ్ళది. లేకపోతే సూర్యాపేట నుంచి ఒక జంట సిద్ధంగా ఉంది.

పిల్లలొచ్చింది నవంబరు మొదట్లో. మామూలుగా అయితే పైన బల్బు వేలాడదీసి, దాని కింద పెంచుతారు. ఆ గదిలో బల్బు దండగ అనిపించింది అందరికీ. మంచం చుట్టూ నాలుగు వైపులా గోనెపట్టాలు కట్టి, కింద వరి ఊక పరిచి, పిల్లల్ని అందులోకి వదిలారు. పైన నులక వెచ్చగా ఉంది. పిల్లలు పెట్ట కడుపు కిందకి దూరినట్టు దూరి, కళ్ళు మూసుకున్నాయి. మంచం పైన ఇడ్లీ పిండి, కింద కోడిపిల్లలు. అరవైకి అరవై బతికాయి. మొదటి వారంలో ఒక్కటైనా పోకుండా ఉండడం ఎక్కడా జరగదని తిరుపతి ఆశ్చర్యపోయాడు. వాడికి మంచం సంగతి ఆశ్చర్యం కాదు, ఒక్క పిల్లా చావకపోవడమే ఆశ్చర్యం.

తప్పు జరిగింది అక్కడే. బల్బయితే వారం వారం జానెడు పైకి లేపుతారు. వేడి మెల్లగా తగ్గుతుంటే పిల్ల ఒంటికి చలి తగులుతుంది, చలి తగిలితేనే ఈకలు మొలుచుకొస్తాయి. నాలుగైదు వారాలకి ఒళ్ళంతా ఈకలు కప్పుకుని బయటి గాలికి తయారవుతుంది. జానయ్య వెచ్చదనాన్ని పైకి లేపడానికి తాడు లేదు, తగ్గించడానికి మీట లేదు. ఆరో వారం వచ్చినా పిల్లలకి రెక్కల దగ్గరా తోక దగ్గరా తప్ప ఈకలు లేవు. వీపులు ఎర్రగా, బోసిగా ఉన్నాయి. తిన్నదంతా ఒళ్ళు చేసి గుండ్రంగా తయారయ్యాయి గాని కప్పుకోడానికి గుడ్డ లేదు.

అయినా పోక తప్పదు. డిసెంబరు మూడో శనివారం తిరుపతి ఆటో తెచ్చాడు.

"పొద్దుగాలనే ఎయ్యాలె," అంది అండాలమ్మ. "ఎల్తురుల కొత్త జాగ సూస్కుంటయి, మేత యాడుందో నీళ్ళు యాడున్నయో తెల్సుకుంటయి. మాపటికి ఏస్తే బెదిరి సస్తయి."

రెండు పెద్ద గంపల్లో పిల్లల్ని సర్ది, పైన పాత చీరలు కప్పారు. సామాను ఎంతో లేదు. మంచం ఎక్కించేటప్పుడు తిరుపతి దాన్ని బోర్లించబోతే అండాలమ్మ కేకేసింది.

"కాళ్ళు మీదికి పెట్టకురా! పక్కకు వొరగబెట్టు."

"అట్లనే పెద్దమ్మా," అన్నాడు తిరుపతి, నాలిక్కరుచుకుని.

అమ్మాజీ గారు గేటు దాకా వచ్చింది. "మళ్ళీ ఏడాదికి నా ఇడ్లీల గతేం కాను," అని నవ్వబోయి, కళ్ళు ఒత్తుకుంది. యాదలక్ష్మి ఆవిడకి దణ్ణం పెట్టింది. ఇరవై ఏళ్ళున్న ఇల్లు వదిలిపోతున్నామన్నది ఆమెకి తెలుస్తూనే ఉంది, తెలిసింది తగలడం లేదు.

ఎల్బీ నగర్ చౌరస్తా దాటేదాకా పిల్లలు కిచకిచలాడాయి. హయత్‌నగర్ దాటి హైవే గాలి మొదలవగానే గంపల్లో చప్పుడు ఆగిపోయింది. వెనక కూర్చున్న యాదలక్ష్మి చీర అంచు ఎత్తి చూసింది. అన్నీ ఒకదానిలోకి ఒకటి దూరి, మెడలు ముడుచుకుని, ముద్దలా ఉన్నాయి. ఆమె జాకెట్టు చేతులు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. తిరుపతి అద్దంలో చూసి, "జర శాలువ కప్పుకో వదినె, సలి దంచుతుంది," అన్నాడు. "గంత లేదు," అంది ఆమె. ఆమెకి నిజంగానే లేదు.

షెడ్డు బాగానే ఉంది. నడుమెత్తు ఇటుక గోడ, ఆపైన ఇనప జాలీ, పైన రేకులు. కరెంటు లైను గది దాకానే వచ్చింది, షెడ్డుకి రావడానికి ఇంకా నెల పడుతుంది. బొగ్గుల కుంపటి పెడదామంటే కిందంతా ఊక. అండాలమ్మ నడుముకి కొంగు బిగించి, ఉత్తరం వైపూ తూర్పు వైపూ గోనెపట్టాలు కట్టించింది, దక్షిణం వైపు మాత్రం పైన జానెడు వదిలేయించింది. ఎందుకంటే "గాలి ఆడాలె. మూసి పెడితే లోపట తడి నిల్వబడి, సలికంటె ముందు రొంప సంపుతది."

రాఘవేంద్ర కారు దిగి వచ్చి, జాలీలోంచి పిల్లల్ని చూసి మొహం చిట్లించాడు.

"ఇదేంటమ్మా, వీపుల మీద ఈకలే లేవు? ఆరు వారాలు నిండలేదా?"

"నిండినై సారూ," అంది యాదలక్ష్మి.

"మరి ఈ చలికి ఎలా ఆగుతాయి? చూడండి, పదో పరకో పోవడం మామూలే, నేను పట్టించుకోను. వచ్చే ఆదివారం వస్తాను. అప్పటికి నలభై కంటే తగ్గాయో, ఇంక నన్నేం అనకండి. సూర్యాపేట వాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు."

ఆయన చెడ్డవాడు కాదు. కోళ్ళకి ఎవరు కావాలో ఆయనకి వాళ్ళు కావాలి.

ఆయన వెళ్ళాక మంచాన్ని షెడ్డులోకి తెచ్చి ఒక మూలకి వేశారు. ఇంకేం చెయ్యాలో తోచలేదు. పొద్దంతా పిల్లలు బెరుకుబెరుగ్గా మేత ఏరుకున్నాయి. పొద్దు గుంకుతుండగానే అరవైకి అరవై మంచం కిందకి పరుగెత్తాయి. అండాలమ్మ వంగి చూసి, తృప్తిగా లేచి, గదిలోకి పోయింది.

తెల్లారి తలుపు తీసేసరికి మంచం కింద పిల్లలు కుప్పగా ఉన్నాయి. చైతన్యపురి గదిలో నాలుగు గోడలూ వెచ్చగా ఉండేవి కాబట్టి తలా కాస్త చోట పడుకునేవి. ఇక్కడ అడుగు దూరంలో చలి, ఒక్క చోటే వెచ్చన. అన్నీ ఆ చోటు కోసం ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. యాదలక్ష్మి ఒక్కొక్కదాన్నీ చేత్తో తీసి పక్కన పెడుతోంది. పైవి కిచకిచమంటూ లేచి పోయాయి. అడుగునున్నవి లేవలేదు. ఆమె ఒకదాన్ని తీసి, నిద్రపోతోందనుకుని, మిగతా వాటి మధ్య ఊకలో పెట్టింది. ఇంకోదాన్నీ పెట్టింది.

"అది సచ్చింది బిడ్డా," అంది వెనక నుంచి అండాలమ్మ.

"ఎచ్చగున్నది గద అత్తమ్మా."

అన్నాక ఆ మాట ఆమెకే వినిపించింది. పిల్లని అరచేతిలో అలాగే పట్టుకుని నిలబడింది. అది వెచ్చగానే ఉంది. మెడ మాత్రం వేళ్ళ మధ్యనుంచి వేలాడుతోంది. తన లోపల ఏదో కదలాలి కదా అని ఆమె చూసుకుంది. ఏమీ కదల్లేదు.

పదకొండు పోయాయి. ప్రహరీ పక్కన గుంట తీసి కప్పెట్టారు. పని అయ్యాక ఇద్దరూ షెడ్డులోకి వచ్చి మంచానికి అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు.

"ఎచ్చన ఒక్క దగ్గరుంటే పిల్లలు కుప్ప వడ్తయి," అంది అండాలమ్మ, ఎవరి మొహమూ చూడకుండా. "ఈ రాత్రికి ఇంకో పదిహేను పోతయి. మంచం తీసేస్తే అన్నీ పోతయి. చేతులు కాలినంక ఆకులు వట్టుకొని ఏం ఫాయిద." కాలితో ఊక సర్దుతూ అంది, "నాకు మూడో వారంలనే ఎర్కయింది యాదీ. ఈకలొస్తలేవని ఎర్కనే. మంచం కిందికెల్లి తీసి దూరం పెట్టాలె అప్పుడే. సెప్పలే."

"ఎందుకు సెప్పలే?"

"పిల్లల్ని తీస్తే మంచం కాడ నాకేం పని ఉంటది? పిల్లల్ని సూస్తున్న అని చెయ్యి ఆనించి కూసుంటి. ముసలి ముండ ఊకెనే మంచం పట్టుకొని కూసుందని నువ్వనుకుంటవని."

యాదలక్ష్మి ఏమీ అనుకోలేదు. అత్త వైపు చూసింది. ముసలమ్మ మొహం వంగిపోయి ఉంది. నిజానికి అత్త ఎప్పుడో చెప్పినా తాను పట్టించుకునేది కాదని కూడా ఆమెకి అనిపించింది. తిలాపాపం తలా పిడికెడు. ఆమె వంగి, పట్టెకి చుట్టిన నులక పేటల్ని చూసింది.

"నులక ఇప్పుదాం," అంది చివరికి.

అండాలమ్మకి అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం మీద కూలబడి, రెండు చేతులతో పట్టె పట్టుకుంది.

"నా కొడుకును ఇప్పుతవా?"

"ఒక్క దగ్గర ఉండవట్టే సస్తున్నయి గద. నులక ఇప్పి షెడ్డు సుట్టు వరుస్తే తలా కొంచెం తగుల్తది. బల్బును లేపినట్టయితది."

"ఇప్పితే మళ్ళ ఉంటడా? మంచమంటేనే గద వాడు! వాడు అల్లుకున్న మంచమే అది. మా ఊర్ల నారతోని, ఈ కండ్ల ముందల కూసోని అల్లిండు. నువ్వు ఒక్కనాడు చెయ్యి వెట్టినవా దాని మీద? పెట్టనిదానివి నీకేం తెల్సు!"

చెంపదెబ్బ లాంటి మాట. యాదలక్ష్మికి దెబ్బ తగలలేదు గాని, ఆ మాట నిజమని తెలిసింది. వచ్చి అత్త పక్కన, ఆ వెచ్చటి చోటే కూర్చుంది. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి. అండాలమ్మ ఉలిక్కిపడి పక్కకి జరిగింది.

"నాలుగు గంటలు వక్కన్నే కూసున్న అత్తమ్మా," అంది యాదలక్ష్మి. "కాలు తగిలితే ఎచ్చగుండె. బతికే ఉన్నడనుకున్న. చింతపండు ఒలుసుకుంట కూసున్న. లేపితే బతుకునేమో."

"డాక్టరు ఏమన్నడు?"

"నిద్రలనే పోయిండన్నడు. లేపినా లేవకపోవునన్నడు."

"మరింకేంది?"

"ఏం లేదు."

నలభై తొమ్మిది పిల్లలు వాళ్ళ కాళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. ఒకటి వచ్చి అండాలమ్మ పాదం మీద ఎక్కి కూర్చుంది. దాని బోసి వీపు వణుకుతోంది. ముసలమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, కొంగుతో కప్పి, ముక్కు చీదింది.

"ముడి కాళ్ళ దిక్కుంటది," అంది. "లోపటికి దోపిండు. పుల్లతోని తియ్యి."

మధ్యాహ్నమంతా విప్పారు. అండాలమ్మ పట్టె మీంచి ఒక్కో పేట వదులు చేస్తూ ఇస్తుంటే, యాదలక్ష్మి చేతికి చుట్టుకుంటూ ఉండ చేసింది. కాళ్ళ వైపు నులక చల్లగా ఉంది. మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి వెచ్చన మొదలయింది. గజం గజం ఆమె వేళ్ళ మధ్యనుంచి జారింది. పనిచేసి చేసి అరిగిన నడుము దగ్గర కాస్త ఎక్కువగా, భుజాల దగ్గర ఇంకా ఎక్కువగా తగిలింది. పేట మారినప్పుడల్లా ముసలమ్మ ఏదో ఒకటి అంటూనే ఉంది. వాడికి చిన్నప్పుడు వీపు మీద సెగ్గడ్డ లేచిందనీ, ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే తప్ప నిద్ర పట్టేది కాదనీ. యాదలక్ష్మి వింది. ఏడుపు రాలేదు. వేళ్ళు మాత్రం సలపడం మొదలుపెట్టాయి, తిమ్మిరెక్కిన కాలు దిగుతున్నప్పటిలాగా.

షెడ్డు లోపల ఊక మీద ఎండుగడ్డి వేసి, విప్పిన నులకని దాని మీద, గోడ వెంబడి నాలుగు వైపులా తిప్పి పరిచారు. ఒక చుట్టు అయ్యాక దానికి మూరెడు దూరంలో ఇంకో చుట్టు. మూలల్లో పిల్లలు ఇరుక్కోకుండా అట్టముక్కలు గుండ్రంగా వంచి అడ్డం పెట్టారు. అంత పొడుగు తాడుకి పరుచుకున్నాక ఆ వెచ్చన ఎంతో మిగల్లేదు. చెయ్యి పెట్టి కాస్త ఓపికగా ఆగితే తెలిసేంత.

పొద్దు గుంకుతుండగా పిల్లలు ముందు ఖాళీ మంచం చట్రం కిందకి పరుగెత్తాయి. అక్కడేమీ లేదు. వెర్రిగా తిరిగాయి. కాసేపటికి ఒకటి నులక మీద పొట్ట ఆనించింది. దాని పక్కన ఇంకోటి. చీకటి పడేసరికి నలభై తొమ్మిదీ షెడ్డు చుట్టూ వరుసగా, తాడు ఎటు పోతే అటు, ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. వడ్డన కోసం కూర్చున్న పెళ్ళి బంతిలాగా ఒద్దికగా ఉన్నాయవి. ఏదీ దేని మీదా ఎక్కలేదు.

తెల్లారి నలభై తొమ్మిదీ ఉన్నాయి. ఆ మర్నాడూ ఉన్నాయి.

రోజుకి కాస్త నులక చల్లబడింది, రోజుకి కాస్త పిల్లల వీపుల మీద పుల్లలు లేచాయి. పుల్లలు విచ్చుకుని ఎర్రవీ నల్లవీ ఈకలయ్యాయి. ఆదివారం రాఘవేంద్ర వచ్చి, రెండుసార్లు లెక్కపెట్టి, ఒక పిల్లని పట్టుకుని రెక్క సాగదీసి చూశాడు.

"వారంలో ఇన్ని ఈకలా? ఏం పెట్టారమ్మా వీటికి?"

"ఏం పెట్టలే సారూ," అంది యాదలక్ష్మి. "నులక ఇప్పి పరిసినం."

ఆయన గడ్డి మీద నులకని చూశాడు, బయట చట్రాన్ని చూశాడు, తలూపాడు. "మంచి పని చేశారు," అని, సూర్యాపేట వాళ్ళకి అక్కడే నిలబడి ఫోన్ చేసి వద్దని చెప్పాడు. గది అత్తాకోడళ్ళదయింది. యాదలక్ష్మికి సంతోషించాలని తెలిసింది. రాత్రి అత్తకి పప్పుచారు చేసి పెట్టింది. అంతవరకే చేతనయింది.

ఇంకో నాలుగు రోజులకి, గురువారం పొద్దున, ఆమె మేత డబ్బా పట్టుకుని షెడ్డులోకి వెళ్ళింది. పొగమంచు ఇంకా వీడలేదు. జాలీలోంచి పల్చగా ఎండ పడుతోంది. పిల్లలన్నీ నులకని వదిలేసి, ఆ ఎండలో నిలబడి, ఒళ్ళు విదిలించుకుంటున్నాయి. ఈకలు నిండుగా ఉన్నాయి. ఏ ఒక్కటీ తాడు దగ్గర లేదు.

ఆమె వంగి నులక మీద చెయ్యి పెట్టింది. ఓపికగా ఆగింది. మరో చోట పెట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని గోడ వెంబడి పాకుతూ, గజం గజం తడుముతూ, షెడ్డంతా తిరిగొచ్చింది. మంచుకి తడిసిన మామూలు నులక. ఎక్కడా వెచ్చన లేదు.

జానయ్య చచ్చిపోయాడు.

అది ఆమె గొంతులోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. "ఓ... అయ్యో నా జానయ్యో" అని మొదలయింది. నన్ను ఇడిసి ఏడికి పోయినవయ్యా, అన్నం తిని పంటివి గదయ్యా, ఒక్క మాట సెప్పకపోతివి గదయ్యా, నేను పక్కన్నే ఉంటి గదయ్యా అని, రాగం తీసి, రెండు చేతులా నేల కొట్టుకుంటూ, ఊళ్ళో ఆడవాళ్ళు ఏడ్చినట్టే ఏడ్చింది. కోడిపిల్లలు బెదిరి మూలలకి చెదిరాయి. అండాలమ్మ గదిలోంచి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, గుమ్మంలోంచే చూసి, వచ్చి కోడలి తల రొమ్ముకి అదుముకుంది. చలికి వణుకుతున్న కోడలి భుజాల మీద తన శాలువా తీసి కప్పింది. అప్పుడు ఆమె కూడా ఎత్తుకుంది.

ఆ ఏడుపు హైవే దాకా వినబడింది. పక్క ప్లాటులో జామచెట్లకి గొప్పులు తవ్వుతున్న వాళ్ళు పారలు వదిలేసి వచ్చారు. మార్కెట్ నుంచి ఇళ్ళకి పోతున్న హమాలీలు నలుగురు రోడ్డు దిగి వచ్చారు. షెడ్డు ముందు నిలబడి, లోపల ఇద్దరు ఆడవాళ్ళని చూసి, శవం ఎక్కడుందోనని కళ్ళతో వెతికారు. కనబడలేదు. వాళ్ళలో పెద్దవాడు ముందుకొచ్చి, మెల్లగా అడిగాడు.

"ఎవరు పోయిండ్రు అవ్వా?"

"నా కొడుకు," అంది అండాలమ్మ.

"ఎప్పుడు?"

ముసలమ్మ కళ్ళు తుడుచుకుని, గడ్డి మీద నులకని ఒకసారి చూసింది.

"గిప్పుడే."

అతను తలూపాడు. ఇలాంటప్పుడు అడగవలసినదే అడిగాడు.

"మట్టి ఏడ జేద్దాం? మేం నలుగురం ఉన్నం."

"మట్టి ఎండకాలంలనే అయింది బిడ్డా. ఏడ్సుడొక్కటే మిగిలింది."

వచ్చినవాళ్ళు తలలకి చుట్టుకున్న తువ్వాళ్ళు విప్పి చేత పట్టుకుని, షెడ్డు ముందు తడి నేల మీదే వరుసగా కూర్చున్నారు.